“బాగానే ఉన్నాను” అనే మాజీ సైనికుడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో విషయం ఇది. సైన్యంలో పాతికేళ్ళకు పైగా పనిచేసిన మీ నాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్ళు. గుండె వైఫల్యంతో, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేక ఒంట్లో నీరు చేరే జబ్బుతో, పది రోజులు ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇంటికి వచ్చారు. కొత్త చీటీలో పదకొండు రకాల మందులున్నాయి. సైనిక ఆసుపత్రిలో ఇదివరకు రాసిచ్చినవి ఇంకా బీరువాలో వేరుగా ఉన్నాయి. ఎలా ఉందని ఎవరు అడిగినా “బాగానే ఉన్నాను” అని తప్ప చెప్పరు, మాత్రల పెట్టె మీరు ముట్టుకుంటే కోపగించుకుంటారు. అమ్మగారు ఆయన దగ్గర ఉంటారు, మీరు వేరే ఊళ్ళో ఉంటారు. దేనితో మొదలుపెట్టాలి, ఎంతవరకు కల్పించుకోవాలి అని అడిగారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన వృద్ధులను, వారిలోనూ ఎక్కువగా మాజీ సైనికులను, మొదటి నెల రోజులు కనిపెట్టుకుని ఉండే నర్సుగా నేను చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. మాత్రల పెట్టెను ఆయన చేతిలోనే ఉండనివ్వండి. జీవితమంతా తన సామగ్రికి తానే జవాబుదారీగా బతికిన మనిషి దగ్గర నుంచి ఆ పెట్టెను లాక్కుంటే, ఆయన రెండో రోజు నుంచే మీకు ఏమీ చెప్పడం మానేస్తారు. మీకు కావలసింది ఆయన నిజంగా ఎలా ఉన్నారో తెలియడం. దానికి ఆయన సహకారం తప్పనిసరి.

తొందర ఎందుకో కూడా చెప్పాలి. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉన్న వృద్ధుల వివరాలతో 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన వారిలో దాదాపు ఐదుగురికి ఒకరు 30 రోజుల లోపే మళ్ళీ ఆసుపత్రిలో చేరారని తేల్చింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అందులోని ఇంకో విషయం. శస్త్రచికిత్స కోసం కాక జబ్బు కోసం చేరి, ఇంటికి వెళ్ళి, అలా తిరిగి వచ్చిన వారిలో దాదాపు సగం మంది ఇంటికి వెళ్ళినప్పటి నుంచి తిరిగి చేరేదాకా బయట ఏ డాక్టరునూ కలిసినట్టు బిల్లుల్లో దాఖలా లేదు. కాబట్టి మీరు ఈ రోజే చేయవలసిన మొదటి పని, డిశ్చార్జ్ అయిన 7 రోజుల్లోపు, ఎంత ఆలస్యమైనా 14 రోజుల్లోపు, గుండె డాక్టరును కలిసేలా తేదీ, సమయం ఖరారు చేయడం. “రెండు వారాల తరువాత రండి” అని కాగితం మీద రాసి ఉంటే అది అపాయింట్‌మెంట్ కాదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి తీసుకుంటేనే అది అపాయింట్‌మెంట్ అవుతుంది. ఆ రోజు ఆయనను ఎవరు తీసుకువెళతారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

తిరిగి చేరేవారిలో చాలామంది మొదట చేరిన జబ్బుతోనే రారు. పడిపోయి వస్తారు, ఇన్ఫెక్షన్‌తో వస్తారు, ఒంట్లో లవణాల లెక్క తప్పి వస్తారు. హార్లన్ క్రుమ్‌హోల్జ్ అనే గుండె వైద్య నిపుణుడు 2013లో దీనికి ఆసుపత్రి అనంతర సిండ్రోమ్ అని పేరు పెట్టారు. నిద్ర లేకపోవడం, సరిగా తినకపోవడం, పరీక్షల పేరుతో పస్తులు, కదలకుండా పడుకోవడం, వేళకాని వేళ లేపడం, ఇవన్నీ కలిసి మనిషిని కొన్ని వారాల పాటు ఏ చిన్న దెబ్బకూ తట్టుకోలేని స్థితిలో పెడతాయని ఆయన వాదన. కదలకపోవడం ఎంత పని చేస్తుందో చెప్పే చిన్న ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలోనే దాదాపు కిలో కండ తగ్గింది. వాళ్ళకు జబ్బేమీ లేదు. మీ నాన్నగారు పది రోజులు జబ్బుతో పడుకున్నారు. అందుకే ఇంటికి రాగానే ఆయన “మునుపటిలా” మెట్లెక్కబోతే ఆపండి. అలాగని మంచం మీద కూడా కూర్చోబెట్టకండి. ఎంత నడవాలో డాక్టరును అడిగి, రోజుకు నాలుగైదు సార్లు ఇంట్లోనే కాసేపు నడవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టించండి. రోజుకు ఎన్నిసార్లో లెక్క ఆయననే రాసుకోమనండి. సైనికుడికి లెక్క ఇస్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు. ఇది నేను మళ్ళీ మళ్ళీ చూసినదే.

ఇక మందులు. నా దృష్టిలో అసలు ప్రమాదం అంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇంట్లో ఉన్న ప్రతి మందునూ, బీరువాలోవి, మంచం పక్కన ఉన్నవి, ఫ్రిజ్‌లోవి, ప్రయాణాల సంచిలోవి, అమ్మగారివి తప్ప అన్నిటినీ ఒక బల్ల మీదకు తెప్పించండి. తెచ్చేది ఆయనే కావాలి. డిశ్చార్జ్ సమ్మరీని, అంటే ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చే వివరాల కాగితాన్ని, పక్కన పెట్టుకుని ఒక్కొక్క మందునూ అందులో వెతకండి. ప్రతి మందూ నాలుగు రకాల్లో ఒకటవుతుంది: పాతదే అలాగే కొనసాగేది, పాతదే కానీ మోతాదు మారినది, కొత్తది, ఆపేయవలసినది. ఈ నాలుగో రకంతోనే చిక్కు. ఏమి వాడాలో చీటీలో స్పష్టంగా రాస్తారు గానీ, ఏమి ఆపాలో చాలాసార్లు రాయరు. సమ్మరీలో కనిపించని పాత మందు ఏదైనా ఉంటే, దాన్ని కావాలనే ఆపారా, లేక రాయడం మరిచిపోయారా అని ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. ఈ సంగతి మీరూ ఆయనా ఊహించి తేల్చుకోకూడదు. ఇంకో సంగతి, రెండు ఆసుపత్రుల నుంచి మందులు వచ్చే ఇళ్ళలో ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉండడం చాలా మామూలు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరును పోల్చండి. చదవలేకపోతే ఫార్మసిస్టు దగ్గరకు సంచి మొత్తం తీసుకువెళ్ళమనండి. మీరు దగ్గర లేరు కాబట్టి డబ్బాలన్నిటి ఫోటోలు తెప్పించుకుని వీడియో కాల్‌లో కూడా ఈ పని చేయవచ్చు. గంట పడుతుంది.

మాజీ సైనికుల ఇళ్ళలో నేను ముందుగా వెతికేది నొప్పి మాత్రలను. బరువులు మోసిన నడుములు, మోకాళ్ళు వాళ్ళవి, దశాబ్దాలుగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోవడం అలవాటై ఉంటుంది. అవి వాళ్ళ లెక్కలో మందులే కావు, అందుకే “ఏమేం వాడుతున్నారు” అని అడిగితే చెప్పరు. ఈ జాతి మాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, అంటే గుండె వైఫల్యానికి ఇచ్చిన నీరు తగ్గించే మాత్రకు సరిగ్గా ఎదురు పనిచేస్తాయి. నీటి మాత్ర, గుండె కోసం ఇచ్చే రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర, ఈ నొప్పి మాత్ర మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. నొప్పిని ఓర్చుకోమని చెప్పకండి, ఆ మాట ఆయన ఇప్పటికే జీవితమంతా విన్నారు. ఏ నొప్పికి ఏది వాడవచ్చో డాక్టరును అడిగి, పాత మాత్రలు తీసేసిన రోజే దాన్ని తెప్పించండి.

రెండోది ప్రజోసిన్. యుద్ధ జ్ఞాపకాలతో పీడకలలు వచ్చేవారికీ, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారికీ దీన్ని ఇస్తుంటారు. ఇది బీపీని తగ్గిస్తుంది, ముఖ్యంగా లేచి నిలబడినప్పుడు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో దీన్ని ఇవ్వకపోయి ఉంటే, ఇంటికి రాగానే పాత మోతాదు నేరుగా మొదలుపెట్టకూడదు. కొన్ని రోజులు ఆగిన తరువాత దీన్ని మళ్ళీ అతి తక్కువ మోతాదుతో, డాక్టరు చెప్పిన ప్రకారమే మొదలుపెట్టాలి. అలా కాకపోతే, రాత్రి మూత్రానికి లేచిన మనిషి గుమ్మం దగ్గరే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మీ నాన్నగారికి ఇది ఉందో లేదో మీరు రాయలేదు, పాత చీటీల్లో చూడండి. ఇది లేకపోయినా గుండె మందుల్లో చాలావరకు బీపీని తగ్గించేవే కాబట్టి, పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మరోసారి బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి. నిద్రమాత్రలు, అలెర్జీ కోసం వాడే మత్తు కలిగించే మాత్రలు ఉంటే వాటి గురించి కూడా అదే ఫోన్‌లో అడగండి. ఈ వయసులో అవి తూలు, మతిమరుపు తెస్తాయి. అయితే రోజూ వాడుతున్న నిద్రమాత్రను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి, అదీ ప్రమాదమే.

ఇప్పుడు ఆ “బాగానే ఉన్నాను” దగ్గరకు వస్తాను. నేను చూసిన ఒక పెద్దాయన ఉండేవారు, సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చినవారు. ఇంటికి వెళ్ళాక నాలుగు రోజులూ ఫోన్ చేశాను, నాలుగు రోజులూ బాగానే ఉన్నానన్నారు. ఐదో రోజు ఆయాసంతో మళ్ళీ చేరారు. తరువాత ఆయన భార్యను అడిగితే, ఆ నాలుగు రాత్రులూ ఆయన పడక కుర్చీలోనే కూర్చుని నిద్రపోయారని చెప్పింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తు. ఆయన నాతో అబద్ధమాడలేదు. ఓర్చుకోగలుగుతున్నాడు కాబట్టి ఆయన లెక్క ప్రకారం అది బాగుండడమే. ఎలా ఉన్నారని అడిగాను గానీ ఎక్కడ పడుకున్నారని అడగలేదు. తప్పు నాది. ఆ తరువాత నేను ఎవరినీ ఎలా ఉన్నారని అడగడం మానేశాను.

మీరూ అలాగే చేయండి. జరిగినదాన్ని అడగండి. రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు? మూత్రానికి ఎన్నిసార్లు లేచారు? స్నానాల గది దాకా వెళ్ళి రావడంలో మధ్యలో ఆగారా? నిన్న వేసుకున్న చెప్పులు ఇవాళ బిగుతుగా ఉన్నాయా? వీటికి బాగానే అన్నది జవాబు కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది బరువు. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళి వచ్చాక, ఏమీ తినకముందు, అదే రకం పల్చని బట్టలతో, అదే తూకం మీద, అదే చోట చూసుకుని ఒక పుస్తకంలో రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ళు వాయకముందే తూకం ఆ సంగతి చెబుతుంది. ఆ అంకె దాటిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరును పుస్తకం మొదటి పేజీలోనే రాయించండి. కొందరు డాక్టర్లు అప్పుడు నీటి మాత్ర ఎంత పెంచాలో కూడా ముందే రాసిస్తారు, మొదటి అపాయింట్‌మెంట్‌లో అడగండి. బరువు ఉన్నట్టుండి బాగా తగ్గిపోయి, నోరెండి, కళ్ళు తిరిగితే నీరు మరీ ఎక్కువగా పోతోందన్నమాట, అప్పుడూ ఫోన్ చేయవలసిందే. కూర్చుని ఉన్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, వీటికి మాత్రం పుస్తకమూ అక్కరలేదు, ఫోన్‌లో మీ సలహా కూడా అక్కరలేదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళాలని అమ్మగారికి కచ్చితంగా చెప్పండి. మిమ్మల్ని అడిగి కదలాలని ఆమె అనుకుంటే విలువైన సమయం పోతుంది.

ఆయన చేత ఇవన్నీ చేయించడం సాధ్యమా అని మీకు అనుమానం రావచ్చు. ఎరిక్ కోల్మన్ అనే వృద్ధుల వైద్యుడు సరిగ్గా ఈ పద్ధతినే రూపొందించి 2006లో ఫలితాలు ప్రకటించారు. 65 ఏళ్ళు దాటిన 750 మందిలో కొందరికి ఒక శిక్షకురాలిని కేటాయించారు. ఆమె ఆసుపత్రిలో ఒకసారి కలిసి, ఇంటికి ఒకసారి వెళ్ళి, ఆ పైన మూడు ఫోన్లు చేసేది. ఆమె మందులు సర్దిపెట్టదు, డాక్టరుకు తాను ఫోన్ చేయదు. మందులు తానే చూసుకోవడం, తన ఆరోగ్య వివరాల పుస్తకం తానే ఉంచుకోవడం, డాక్టరును సమయానికి కలవడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం, ఈ నాలుగూ రోగి చేతనే చేయించేది. 30 రోజుల్లో తిరిగి చేరిన వారు మామూలు పద్ధతిలో 11.9 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 8.3 శాతమే. మీరు ఆ శిక్షకురాలి పాత్ర తీసుకోండి. నర్సు పాత్రను అమ్మగారి మీద కూడా పెట్టకండి.

ఇంకో విషయం చాలామంది గమనించరు. ఆయనకు చెప్పినది అసలు వినపడిందా? తుపాకులు, ఇంజిన్లు, ఫిరంగుల మోత మధ్య పనిచేసిన వారికి సన్నని, కీచు శబ్దాలు ముందుగా పోతాయి. గొంతు వినిపిస్తుంది గానీ మాటలోని హల్లులు తెలియవు. “కాలు”, “పాలు” ఒకేలా వినిపిస్తాయి. మాస్కు పెట్టుకున్న డాక్టరు, పక్కన మందు ఎక్కించే పంపు మోత, నలుగురు మాట్లాడే వార్డు, అక్కడ చెప్పినదానికంతటికీ ఆయన తలూపి ఉంటారు. అర్థమైందా అని అడిగితే అయిందనే అంటారు. ఎదురుగా కూర్చుని, ముఖం కనపడేలా, టీవీ ఆపి, అరవకుండా నిదానంగా చెప్పి, “ఈ నీటి మాత్ర ఎందుకో అమ్మకు మీరు చెబితే ఎలా చెబుతారు” అని అడగండి. ఆయన చెప్పినది తప్పయితే మీరు చెప్పిన తీరు మార్చి మళ్ళీ చెప్పండి. వినికిడి యంత్రం ఉంటే అది ఆసుపత్రి సంచిలోంచి బయటకు వచ్చిందో లేదో కూడా చూడమనండి. ఎన్నోసార్లు ఆ సంచిలోనే వారాల తరబడి ఉండిపోతుంది!

రాత్రుల గురించి. ఐసీయూ లైట్లు, అలారాలు, కట్టేసినట్టుండే గొట్టాలు పాత యుద్ధ జ్ఞాపకాలను తిరగతోడడం అరుదు కాదు, ఎన్నో ఏళ్ళుగా రాని పీడకలలు ఇంటికి వచ్చాక మొదలు కావచ్చు. అమ్మగారికి ఒక జాగ్రత్త చెప్పండి. కలవరిస్తున్నప్పుడు మీద చేయి వేసి కుదపకూడదు. కాళ్ళ వైపు కొంచెం దూరంగా నిలబడి, లైటు వేసి, పేరు పెట్టి పిలిచి, ఎక్కడ ఉన్నారో చెప్పాలి. తెలియకుండానే చేయి విసిరి, తరువాత దానికి సిగ్గుతో కుమిలిపోయిన భర్తలను నేను చూశాను. ఇది వేరు, పగలూ రాత్రీ తెలియకుండా, మనుషులను పోల్చలేకుండా, ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారిపోవడం వేరు. రెండోదాన్ని వయసు మీద నెట్టకండి. ఇన్ఫెక్షనో, కొత్త మందో, మూత్రం బిగియడమో, సోడియం పడిపోవడమో కారణం అయి ఉండవచ్చు కాబట్టి అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే, ఈ కోలుకునే నెలల్లో దాన్ని ఖాళీ చేసి, తాళం వేసి, తూటాలను వేరే చోట ఉంచమనండి, లేదా చట్టం అనుమతించిన పద్ధతిలో బయట భద్రపరచమనండి. దిగులు, మతి తడబాటు, నిద్రలేమి కలిసే రోజులివి. దీన్ని అనుమానంగా కాక, ఆయుధ భద్రత నియమంగా మాట్లాడితే మాజీ సైనికులు సాధారణంగా ఒప్పుకుంటారు. బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే అది వేళాకోళమనుకోకుండా సూటిగా అడగండి, ఆయనను ఒంటరిగా ఉంచకుండా అదే రోజు వైద్య సాయం తీసుకోండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. మద్యం అలవాటు ఉంటే ఎంతో ఏమిటో డాక్టరుకు నిజం చెప్పాలి, అంతే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సైనిక ఆసుపత్రి రికార్డులు, బయటి ఆసుపత్రి రికార్డులు ఒకదానికొకటి తెలుస్తాయని ఎప్పుడూ అనుకోకండి. జబ్బులు, ఇప్పటి మందులు, పడని మందులు, డిశ్చార్జ్ నాటి బరువు, చివరి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం ఫలితాలు ఒక్క పేజీలో రాసి, రెండు చోట్లా ఆయన చేతనే ఇప్పించండి. సర్వీసు రికార్డులను దగ్గర పెట్టుకుని, ఇంటి వద్ద నర్సు, ఫిజియోథెరపీ, పరికరాలు ఆయన హక్కులో వస్తాయేమో సంబంధిత కార్యాలయంలో అడగండి. చాలామంది ఇవి తమకంటే అవసరం ఉన్నవారికి చెందాలని అడగకుండా ఊరుకుంటారు.

ఎంతవరకు కల్పించుకోవాలన్న ప్రశ్నకు నా కొలత ఇది. ఏడు రోజుల మాత్రల పెట్టెను ఆయన నింపుతుండగా మీరు వీడియోలో చూడండి. వారం చివర మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. లెక్క సరిపోతే ఆయన దారిన ఆయనను వదిలేయండి, కోపాన్ని పట్టించుకోకండి. ఒకటి రెండు తప్పితే అలారం పెట్టి ఇంకో వారం చూడండి. ఆ వారమూ తప్పితే, లేదా ఒకే పూట మాత్రలు రెండుసార్లు వేసుకున్నట్టు తేలితే, అప్పుడు పెట్టె మరొకరు నింపాలి, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయించాలి. అది మీరు చెబితే వాదన అవుతుంది, లెక్క చూపించి డాక్టరు చేత చెప్పించండి.

అమ్మగారికి విడిగా ఫోన్ చేయండి, ఆయన పక్కన లేనప్పుడు. రాత్రి ఆమె ఎన్ని గంటలు నిద్రపోయిందో, ఆయనను లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆమె నడుము ఎలా ఉందో అడగండి, ఆమె మందులు ఆమె వేసుకుంటోందో లేదో కూడా. మొదటి రెండు వారాలు రోజూ ఒకే సమయానికి, పొద్దున్న తూకం అయిన వెంటనే, ఆయనకు ఫోన్ చేయండి. మొదటి ప్రశ్నగా ఇవాళ్టి అంకె చెప్పమనండి. ఆయన పుస్తకం చూసి చదువుతారు. రెండో ప్రశ్నగా రాత్రి ఎక్కడ పడుకున్నారో అడగండి.